హంతకుడెవరో మొదటి గంటలోనే తెలిసింది... అయినా ఎవరూ లేవలేదు!

"మావయ్యా, నీకు ఇవేవీ తెలీవా?" అన్నాడు మా మేనల్లుడు.

వాడికి పద్నాలుగేళ్లు. తొమ్మిదో క్లాసు. నేనేమో ఇరవై ఏళ్లుగా సినిమాల మీద రాసి పొట్టపోసుకుంటున్నవాణ్ణి. అయినా ఆ రాత్రి వాడి ముందు అక్షరమ్ముక్క రానివాడిలా కూర్చున్నాను. టీవీలో ఆట ఆగి ఉంది. తెరమీద ఒక పోలీసాఫీసరు తన కొడుకు చెబుతున్న మాట అర్థంకాక నోరు తెరిచి చూస్తున్నాడు. ఇక్కడ సోఫాలో నేనూ, మా బావా సరిగ్గా అదే భంగిమలో ఉన్నాం!

ఆ ఆట పేరు 'అడోలసెన్స్'. 2025 మార్చి 13న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన బ్రిటిష్ మినీ సిరీస్. నాలుగే నాలుగు భాగాలు, ఒక్కోటీ గంట అటూ ఇటూగా. చూసినవాళ్లకు కథ చెప్పక్కర్లేదు. చూడనివాళ్లకు చెప్పినా నష్టం లేదు, ఎందుకంటే ఇందులో దాచిపెట్టిన సస్పెన్సు అంటూ ఏమీ లేదు. ఇంగ్లండులో ఓ మామూలు ఊరు. పొద్దున్నే పోలీసులు ఓ మామూలు ఇంటి తలుపు పగలగొట్టి లోపలికి దూసుకొస్తారు. తుపాకులు పట్టుకుని మేడమీదికి పరిగెత్తి మంచం మీది నుంచి లేపేది ఎవరినయ్యా అంటే, జేమీ మిల్లర్ అనే పదమూడేళ్ల పిల్లాణ్ణి. భయంతో వాడి పైజామా తడిసిపోతుంది. తన తోటి విద్యార్థిని కేటీని కత్తితో పొడిచి చంపాడని వాడి మీద నేరం.

నాన్నతో పాటు మనమూ స్టేషనుకి వెళ్తాం. "నువ్వు చేశావా?" అని నాన్న అడుగుతాడు. "లేదు నాన్నా" అంటాడు వాడు. నాన్న నమ్ముతాడు, మనమూ నమ్ముతాం. భాగం ముగిసేలోగా పోలీసులు వీడియో వేసి చూపిస్తారు. అంతే. వాడే చేశాడు. ఇక మిగిలిన మూడు గంటలూ 'ఎవరు' అన్న ప్రశ్నే లేదు. 'ఎందుకు' అన్నదొక్కటే మిగిలింది.

నిజం చెప్పొద్దూ, ఈ సిరీస్ గురించి రాయాలని నాకు మొదట్లో లేదు. ప్రపంచమంతా పొగుడుతున్నదాన్ని మళ్లీ మనం పొగడడమెందుకని ఊరుకున్నాను. కానీ మా అక్కయ్య ఇంట్లో నాలుగు భాగాలూ చూస్తున్నప్పుడు ఆ ఇంట్లోనే నాలుగు రకాల అభిప్రాయాలు పుట్టాయి. తర్వాత మా వీధి చివర టీకొట్టు దగ్గర మరో నాలుగు విన్నాను. ఇటు ఇంటి మాటా, అటు లోకం మాటా పక్కపక్కన పెట్టి చూస్తే తమాషాగా అనిపించింది. అదీ ఈ వ్యాసం సంగతి.

ముందు లోకం మాట చూద్దాం.

బ్రిటన్ పత్రికలు ఈ సిరీస్‌ను నెత్తిన పెట్టుకున్నాయి. కొన్ని దశాబ్దాల్లో బుల్లితెర మీద ఇంత లోపంలేని పని రాలేదన్న ధోరణిలో 'గార్డియన్' పత్రిక రాసింది. సాధారణంగా విమర్శకులు మెచ్చింది జనం మెచ్చరు, జనం మెచ్చింది విమర్శకులు మెచ్చరు. ఇక్కడ ఆ సామెత తప్పింది. మొదటి నాలుగు రోజుల్లోనే 2 కోట్ల 43 లక్షల వ్యూస్ వచ్చాయి. 91 రోజులు గడిచేసరికి 14 కోట్లు దాటాయి. నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లీషు సిరీస్‌లలో అప్పటికి 'వెన్స్‌డే' మొదటి సీజన్ ఒక్కటే దీనికన్నా ముందుంది. బ్రిటన్‌లో వారం మొత్తం మీద ఎక్కువమంది చూసిన కార్యక్రమాల పట్టికలో, మామూలు టీవీ చానళ్లన్నిటినీ వెనక్కి నెట్టి ఒక స్ట్రీమింగ్ సిరీస్ మొదటి స్థానానికి రావడం ఇదే మొదటిసారి. పాటల్లేవు, ఫైట్లు లేవు, నవ్వించే పాత్ర లేదు, చివర్లో ఊరటా లేదు. మన నిర్మాతలు ఈ లెక్కలు చూసి తలలు గోక్కుంటే ఆశ్చర్యం లేదు!

2025 సెప్టెంబరులో ఎమ్మీ అవార్డుల వేదిక మీద ఉత్తమ లిమిటెడ్ సిరీస్‌తో సహా ఆరు బహుమతులు వచ్చాయి. తండ్రి ఎడ్డీగా వేసిన స్టీఫెన్ గ్రాహం ఉత్తమ నటుడు. జాక్ థోర్న్‌తో కలిసి ఈ సిరీస్ రాసింది కూడా ఆయనే. మానసిక నిపుణురాలిగా వేసిన ఎరిన్ డోహర్టీ ఉత్తమ సహాయనటి. దర్శకుడు ఫిలిప్ బరంటినీకీ, రచనకూ కూడా దక్కాయి. అన్నింటికన్నా పెద్ద విశేషం, జేమీగా వేసిన ఓవెన్ కూపర్. పదిహేనేళ్లకే ఉత్తమ సహాయనటుడిగా ఎమ్మీ అందుకున్నాడు. నటుల్లో అంత చిన్న వయసులో దాన్ని గెలుచుకున్న మగపిల్లాడు మరొకడు లేడు. ఆ కుర్రాడికి కెమెరా ముందు ఇదే మొదటి వేషమంటే నమ్ముతారా?

అన్నట్టు, చిత్రీకరణ సంగతి చెప్పకపోతే మన పాఠకులు ఊరుకోరు. ప్రతి భాగమూ ఒకే ఒక్క షాట్! మధ్యలో కట్ లేదు. ఒకటికి నాలుగు ముక్కలు అతికించి ఒకటే అని నమ్మించే గారడీ కూడా కాదు. కెమెరా ఒకసారి తిరగడం మొదలైతే గంట తర్వాతే ఆగుతుంది. గ్రాహం, బరంటినీ ఇద్దరూ 2021లో 'బాయిలింగ్ పాయింట్' అనే సినిమా ఇలాగే తీశారు కాబట్టి చెయ్యి తిరిగినవాళ్లే. భాగానికి మూడు వారాలు. ముందు నటుల రిహార్సల్, తర్వాత కెమెరాతో రిహార్సల్, చివరి వారం టేకులు. రోజుకి రెండు. మొదటి భాగంలో మనం చూసేది రెండో టేకు. రెండోది పదమూడో టేకు, మూడోది పదకొండు, నాలుగోది పదహారు. యాభై ఎనిమిదో నిమిషంలో ఎవరో ఒక మాట తడబడితే మళ్లీ పోలీసులు తలుపు పగలగొట్టే దగ్గర్నుంచీ మొదలుపెట్టాలన్నమాట! మన షూటింగుల్లో ఒక డైలాగుకి ఇరవై టేకులు తీసుకునే హీరోలు గుర్తొస్తే నన్ను తప్పుపట్టకండి.

రెండో భాగం చివర్లో బడి దగ్గర నడుస్తున్న కెమెరాని నడుస్తుండగానే డ్రోన్‌కి తగిలించారు. అది ఊరిమీదుగా ఎగిరి, ఆ పిల్ల చచ్చిపోయిన చోట దిగి, పూలగుత్తి పట్టుకొచ్చిన తండ్రి ముఖం మీద ఆగుతుంది. చూస్తున్నప్పుడు "భలే!" అనిపించదు. ఏడుపొస్తుంది. ఛాయాగ్రాహకుడు మాథ్యూ లూయిస్‌కి అంతకన్నా పెద్ద మెప్పు ఏముంటుంది?

సరే, ఇక ఇంటి మాట.

మొదటి భాగం పావుగంట కాగానే మా అక్కయ్య లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. "నావల్ల కాదురా. పసివెధవ, ఉచ్చ పోసుకున్నాడు. నేను చూడలేను" అంది. కానీ వంటింటి గుమ్మం దగ్గర నిలబడే మిగతాదంతా చూసింది. కూర్చోవడానికి మనసు రాలేదు, వెళ్లిపోవడానికీ రాలేదు. ఇంతకన్నా నిజాయితీ గల సమీక్ష నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

మా బావకి కోపమొచ్చింది. ఆయన రిటైరు కావడానికి రెండేళ్లున్న గవర్నమెంటు ఉద్యోగి. "ఏమోయ్, ఇదేం కథ? తప్పు ఎవరిదో చెప్పడేం? తండ్రి తాగుబోతు కాదు, తల్లి దుర్మార్గురాలు కాదు. వాడు ఎందుకలా తయారయ్యాడు?" అన్నాడు.

ఆ ప్రశ్న ఆయనొక్కడిదే కాదు. చాలామంది ప్రేక్షకులు సరిగ్గా ఇక్కడే గింజుకున్నారు. మనకి దుఃఖం కొత్తకాదు సుమా! 1953 'దేవదాసు' నుంచి 1978 'మరోచరిత్ర' దాకా, 1993 'మాతృదేవోభవ' దాకా మనవాళ్లు కన్నీళ్లు పెట్టుకోవడానికి టిక్కెట్టు కొని మరీ వెళ్లారు. అయితే ఆ సినిమాల్లో ఏడవడానికి ఒక ఆధారం ఉంటుంది. కులమో, కట్టుబాటో, రోగమో, దుర్మార్గుడో, విధో, ఎవరో ఒకరిని తిట్టుకుంటూ హాల్లోంచి బయటికి రావచ్చు. పైగా పాట ఉంటుంది. పాటలో సగం దుఃఖం కరిగిపోతుంది. ఇక్కడ తిట్టుకోవడానికి మనిషి దొరకడు. ఎవరివైపు చూసినా మనింట్లోవాళ్లలాగే ఉంటారు. మా బావ కోపానికి అదీ కారణం. ఆయన దర్శకుణ్ణి తిట్టలేదు, దొరకని విలన్‌ని వెతుక్కున్నాడు.

మా మేనల్లుడు నోరు విప్పింది రెండో భాగంలో. పోలీసాఫీసరు బాస్కోంబ్ (యాష్లీ వాల్టర్స్) బడికి వెళ్తాడు. కేటీ, జేమీ మంచి స్నేహితులేమోనని అతని అనుమానం. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ పిల్ల జేమీ ఫొటోల కింద బొమ్మలు పెట్టింది కదా మరి! అదే బడిలో చదువుతున్న అతని సొంత కొడుకు సిగ్గుపడుతూ పక్కకి పిలిచి చెబుతాడు: అవి స్నేహం బొమ్మలు కావు నాన్నా, ఎగతాళి బొమ్మలు అని. వంద అంకెకి ఒక అర్థం, ఎర్ర మాత్రకి ఒక అర్థం. నూటికి 80 మంది ఆడవాళ్లు 20 మంది మగాళ్లనే ఇష్టపడతారనీ, మిగతా మగాళ్ల ముఖం ఎవరూ చూడరనీ ఇంటర్నెట్‌లో కొందరు ప్రచారం చేసే చెత్త సిద్ధాంతం ఒకటుంది. దాన్ని పట్టుకుని కేటీ వాడిని 'ఇన్‌సెల్' అంది. అంటే ఏ ఆడపిల్లా దరిచేరనివాడని. పదమూడేళ్ల పిల్లాణ్ణి!

సరిగ్గా అప్పుడే మావాడు ఆ మాటన్నాడు, "మావయ్యా, నీకు ఇవేవీ తెలీవా?" అని. బావ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఎందుకంటే వాడికి ఆ ఫోను కొనిచ్చింది నేనే. కిందటేడాది పుట్టినరోజుకి.

మూడో భాగం గురించి ఎంత రాసినా తక్కువే. ఒక గది, ఒక బల్ల, ఇద్దరు మనుషులు. ఏడు నెలలుగా నిర్బంధంలో ఉన్న జేమీతో మాట్లాడడానికి బ్రయనీ అనే మానసిక నిపుణురాలు వస్తుంది. హాట్ చాక్లెట్ తెస్తుంది, తన శాండ్‌విచ్‌లో సగం ఇస్తుంది. పిల్లాడు నవ్వుతాడు, బుకాయిస్తాడు, ఉన్నట్టుండి లేచి గది దద్దరిల్లేలా అరుస్తాడు. ఆ అరుపులో మగవాడి అహంకారం మొత్తం ఉంటుంది. మరుక్షణం మళ్లీ పసివాడు. తమాషా ఏమిటంటే అన్నిటికన్నా ముందు చిత్రీకరించింది ఈ భాగాన్నే. అంటే జీవితంలో మొదటిసారి కెమెరా ముందుకొచ్చిన కుర్రాడి మొదటి పరీక్ష ఇదన్నమాట! ఒకచోట ఓవెన్ నిజంగానే ఆవలించాడు. రచనలో లేని ఆవలింత. ఎరిన్ డోహర్టీ తడుముకోకుండా "నేను విసుగు పుట్టిస్తున్నానా?" అని అడిగేసింది. పిల్లాడు నవ్వాడు. ఆ టేకే మనం చూసేది.

ఇక్కడ మా మేనకోడలు ఒక మాటంది. అది డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. అంతవరకూ ఏమీ మాట్లాడలేదు. "అందరూ అయ్యో జేమీ, అయ్యో జేమీ అంటున్నారు. చచ్చిపోయిన పిల్ల సంగతి ఎవరూ ఎత్తరేం? వాళ్లమ్మ ఎలా ఉందో ఒక్క సీనైనా చూపించాడా?" అంది.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

ఈ అభ్యంతరం బయటా చాలామంది విమర్శకులు లేవనెత్తారు. సిరీస్ తీసినవాళ్లకి ఈ సంగతి తెలియక కాదు. చంపినవాడి పేరే అందరికీ గుర్తుంటుంది, ఆ పిల్లని ఎవరూ గుర్తుపెట్టుకోరని రెండో భాగంలో మహిళా డిటెక్టివ్ చేత అనిపించారు కూడా. నేపథ్య సంగీతంలో వినిపించే ఆడపిల్ల గొంతు కేటీగా వేసిన అమ్మాయిదేనట. ముఖం లేకపోయినా గొంతు వెంటాడుతూ ఉంటుందన్నమాట. ఇదంతా నేను గొప్పగా వివరించాను. మా మేనకోడలు విని, "గొంతు సరిపోదు మావయ్యా" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. నాలుగు భాగాల్లో ఒకటి కేటీ ఇంట్లో జరిగుంటే ఏమయ్యేదని అడిగితే, అది వేరే కథ అయ్యేదని నా వృత్తి చెబుతుంది. ఆ వేరే కథ ఎవరు తీస్తారని ఆ పిల్ల అడుగుతుంది.

ఇంకా వేరే రకం రాళ్లూ పడ్డాయి. ఇది ఫలానా నిజమైన హత్యకేసు కథేననీ, హంతకుడి జాతి మార్చి తెల్లపిల్లాణ్ణి పెట్టారనీ సోషల్ మీడియాలో ఒక పుకారు లేచింది. ఈలన్ మస్క్ అంతటివాడు దానికి స్పందించడంతో గాలి తోడైన నిప్పయింది. ఏ ఒక్క కేసూ తమ కథకి ఆధారం కాదని జాక్ థోర్న్ స్పష్టంగా చెప్పాడు. మగపిల్లలు ఆడపిల్లల్ని పొడిచి చంపిన వార్తలు ఒకదాని వెంట ఒకటి చూసి, 'మనకేమవుతోంది?' అనిపించి ఈ కథ ఆలోచించానని గ్రాహం చెప్పాడు.

రాజకీయాలూ చేరాయి. ప్రధాని కీర్ స్టార్మర్ తన పదహారేళ్ల కొడుకుతో, పద్నాలుగేళ్ల కూతురితో కలిసి చూస్తున్నానని 2025 మార్చిలో పార్లమెంటులోనే చెప్పాడు. ఆ నెలాఖరుకి ప్రధాని నివాసంలో సమావేశం పెట్టారు. బ్రిటన్ హైస్కూళ్లన్నిటికీ ఉచితంగా చూపించడానికి నెట్‌ఫ్లిక్స్ ఒప్పుకుంది. ఆయన మాటల మధ్య దీన్ని 'డాక్యుమెంటరీ' అనేసరికి విమర్శకులు పట్టుకున్నారు. కల్పిత కథని పట్టుకుని విధానాలు తయారుచేస్తారా అని! ప్రతిపక్ష నాయకురాలు కెమీ బేడెనోక్ అయితే అసలు చూడలేదంది. ఆసుపత్రుల సంగతి తెలుసుకోవడానికి ఆసుపత్రి సీరియల్ చూడక్కర్లేదు కదా అని ఎదురు ప్రశ్న వేసింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ మాటలో కొంత పస ఉంది. సీరియల్ సీరియలే, సర్వే కాదు. కానీ సర్వే చదివి వంటింటి గుమ్మం దగ్గర నిలబడిపోయినవాళ్లని నేను చూడలేదు.

మనదేశంలోనూ గుబులు పుట్టించింది. దర్శకుడు అనురాగ్ కశ్యప్ ఇది చూసి మనసు మొద్దుబారిపోయిందనీ, అసూయ పుట్టిందనీ రాశాడు. ఆ ఊపులోనే నెట్‌ఫ్లిక్స్ భారతీయ విభాగాన్ని ఉతికి ఆరేశాడు. ఇలాంటి కథ ఇక్కడ పట్టుకెళ్తే కాదంటారు, లేదా గంటన్నర సినిమాగా కుదించమంటారని ఆయన ఆరోపణ.

టీకొట్టు దగ్గర కుర్రాళ్లు మాత్రం రెండు జట్లయ్యారు. "నిద్రొచ్చింది సార్. నడుస్తానే ఉంటారు, నడుస్తానే ఉంటారు" అన్నాడొకడు. "నువ్వు ఫోన్లో రీల్స్ చూస్తా చూశావ్, అందుకే" అన్నాడు రెండోవాడు. మూడోవాడు టీ గ్లాసు కింద పెట్టి మెల్లగా అన్నాడు, "నాలుగో భాగంలో రంగుల షాపులో కుర్రాడున్నాడే, వాడు జేమీ చేసిందే కరెక్ట్ అన్నట్టు మాట్లాడతాడు చూడు, అట్టాంటోళ్లు మన గ్రూపులోనే ఇద్దరున్నార్రా." ఎవరూ నవ్వలేదు. నేను పేర్లు అడగలేదు.

ఆ నాలుగో భాగమే మా బావని మార్చేసింది. హత్య జరిగి పదమూడు నెలలైంది. ఎడ్డీ యాభయ్యో పుట్టినరోజు. ఎవరో అతని వ్యాన్ మీద బూతుమాట రాసిపోయారు. దాన్ని చెరపడానికి రంగు కొనాలని భార్యనీ, కూతుర్నీ తీసుకుని షాపుకి వెళ్తాడు. దారిలో జేమీ ఫోన్ చేస్తాడు, కోర్టులో నేరం ఒప్పుకుంటున్నానని. ఇంటికొచ్చాక భార్యాభర్తలు పడకగదిలో కూర్చుని లెక్కలు వేసుకుంటారు. మా నాన్న నన్ను బెల్టుతో కొట్టేవాడు, నేను నా పిల్లల్ని అలా కొట్టకూడదనుకున్నాను, కొట్టలేదు. మరి ఏం తప్పు చేశాను? రాత్రి ఒంటిగంటకి కూడా వాడి గదిలో లైటు వెలుగుతుండేది. గదిలోనే ఉన్నాడు కదా, క్షేమంగానే ఉన్నాడనుకున్నాం...

ఆ మాట దగ్గర బావ రిమోట్ తీసుకుని ఆట ఆపాడు. మంచినీళ్లు తాగాడు. మళ్లీ పెట్టాడు. చివర్లో తండ్రి కొడుకు మంచం మీద పడి ఏడ్చి, వాడి టెడ్డీబేర్‌ని పడుకోబెట్టి దుప్పటి కప్పే దృశ్యంలో, అక్కయ్య వంటింటి గుమ్మం వదిలి వచ్చి బావ పక్కన కూర్చుంది. ఎవరూ విమర్శ చెయ్యలేదు. లోపం చెప్పమంటే చెప్పగలను. రెండో భాగంలో బడి మొత్తం సంతలా ఉండడం, ఒక్క పాఠమూ సరిగా జరగకపోవడం నాకు అతిగానే అనిపించింది. కానీ ఆ రాత్రి ఎవరూ అడగలేదు.

వారం తర్వాత మావాడికి పరీక్షలో మంచి మార్కులొచ్చాయని అక్కయ్య చెబితే ఫోన్లో అభినందన పంపాను. వాడి దగ్గర్నుంచి జవాబుగా ఒక బొమ్మ వచ్చింది. ఎర్రటి వంద అంకె! నా గుండె ఒక్కసారి ఝల్లుమంది. వెంటనే ఫోన్ చేశాను.

వాడు పడీపడీ నవ్వాడు. "మావయ్యా, లెక్కల్లో నూటికి నూరు వచ్చాయని పెట్టా!" అన్నాడు.

నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేయబోతుంటే వాడే ఆగి, గొంతు తగ్గించి, "అయినా మావయ్యా, మా క్లాసులో ఒకడున్నాడు..." అని మొదలుపెట్టాడు. ముప్పావుగంట మాట్లాడాడు. నేను మధ్యలో ఊకొట్టడం తప్ప ఏమీ అనలేదు. వాడు చెప్పింది ఇక్కడ రాయను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.